నర్మద కుడిచేతి వైపు

చిన్నీ,

నర్మద చుట్టూ కాలినడకన తిరిగే పరిక్రమకి నువ్వు వేసి పంపిన ఎక్సెల్ షీటు చూశాను. ఫోన్లో అక్షరాలు చీమల్లా ఉన్నాయని మీ నాన్న ప్రింటు తీయించుకొచ్చారు. 90 వరుసలు, వరుసకి 29 కిలోమీటర్లు, ఎక్కడ పడుకోవాలో, ఎక్కడ తినాలో, పైగా ఆదివారాలకి పసుపు రంగు! మూడు నెలల సెలవు దొరికిన సంతోషంలో ఉన్నావు. వద్దని చెప్పడానికి రాయడం లేదు. నేను వెళ్తానన్నప్పుడు ఇంట్లో వద్దననిది నువ్వొక్కదానివే, అది మర్చిపోలేదు.

నీ లెక్కలో తప్పు లేదు. నర్మద పొడవు 1,312 కిలోమీటర్లు. అమర్‌కంటక్‌లో పుట్టి, పడమరకి పారి, భరూచ్ దాటాక సముద్రంలో కలుస్తుంది. రెండొడ్లూ కలిపితే 2,600 పైనే. దాన్ని 90తో భాగిస్తే 29 వస్తుంది, ఎవరు చేసినా అంతే వస్తుంది. కానీ నేను నడిచింది రోజుకి 16, 17. మొదటి పది రోజులైతే 12 దాటలేదు. 2024 క్షీరాబ్ది ద్వాదశి నాడు బయల్దేరితే తిరిగి ఓంకారేశ్వర్ చేరేసరికి ఏప్రిల్ ఎండలు. నీ వయసుకి 29 ఒకరోజు నడుస్తావు, వారం కూడా నడుస్తావు. ఆ తర్వాత మోకాలు అడ్డం తిరుగుతుంది. అక్కడి సాధువులు ఇప్పటికీ పాత లెక్కే చెప్తారు, 3 ఏళ్ల 3 నెలల 13 రోజులు. తొలి ఏకాదశి నుంచి కార్తీక శుద్ధ ఏకాదశి దాకా నడవనే నడవరు, ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోతారు. వాళ్ల ముందు నీ షీటు తియ్యకు.

మూడు నెలలే ఉంటే ఖండ పరిక్రమ చెయ్యి. ఈ ఏడు ఎక్కడ ఆపావో వచ్చే ఏడు అక్కడే మొదలుపెడతావు. చాలామంది అలాగే చేస్తారు, దానికి చిన్నతనం ఏమీ లేదు. అంతకుముందే ఒకసారి కాళ్లని పరీక్షించుకోవాలంటే చైత్రంలో గుజరాత్ వెళ్లు. తిలక్‌వాడా దగ్గర నది కొంత దూరం ఉత్తరానికి తిరిగి పారుతుంది. ఆ ముక్క చుట్టూ ఉత్తరవాహిని పరిక్రమ, దాదాపు 21 కిలోమీటర్లు. ఒక్కరోజు పని. మర్నాడు పొద్దున మెట్లు దిగి చూడు, అప్పుడు మాట్లాడుకుందాం.

బ్యాగు విషయం. మన బరువులో పదో వంతు దాటకూడదంటారు. నేను 58 కిలోలు, నా బ్యాగు 11. అందులో ఏముందో వింటే నవ్వుతావు: రెండు రకాల కారప్పొడి, ఇస్త్రీ చేసిన నాలుగు చీరలు, గొళ్లెం లేని గదికి వెయ్యడానికని తాళం. గొళ్లెమే లేకపోతే తాళం ఎక్కడ వేస్తానో ఆలోచించలేదు. మూడో రోజుకి ఒక్కొక్కటే ఎవరికి పడితే వాళ్లకి ఇచ్చేశాను. చివరికి మిగిలింది రెండు జతల సల్వార్ కమీజు, ఒక దుప్పటి, స్వెట్టరు, పళ్లెం, గ్లాసు, టార్చి, థైరాయిడ్ మాత్రలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, ఆధార్ కార్డు, ఆశ్రమాల్లో ముద్రలు వేయించుకునే పత్రం. ఇవి కాక సంకల్పం రోజు పట్టిన నర్మద నీళ్ల సీసా. దానికి రోజూ రెండు పూటలా పూజ ఉంటుంది, కింద పడేసినట్టు పెట్టకూడదు. అన్నిటికన్నా జాగ్రత్తగా మోసింది అదే.

బూట్లు నీ సైజు కంటే ఒక అర సైజు పెద్దవి కొను, మధ్యాహ్నానికి పాదం ఉబ్బుతుంది. కొత్తవి వేసుకుని మాత్రం వెళ్లకు, రెండు నెలలు ఇక్కడే అరగదియ్యి. బొబ్బ లేచాక చేసేది ఏమీ లేదు, లేవకముందే చెయ్యాలి. మడమ దగ్గర ఒకచోట కొంచెం వెచ్చగా అనిపిస్తుంది, రుద్దుకున్నట్టు కూడా ఉండదు, వట్టి వెచ్చదనమే. అప్పుడే ఆగాలి. బూటు విప్పి, తడి తుడిచి, ప్లాస్టరు అంటించి, సాక్సు తిరగేసి తొడుక్కోవాలి. ‘ఆ చెట్టు దాకా వెళ్లి చూద్దాంలే’ అనుకున్నానో, ఆ చెట్టు కిందే రెండు రోజులు కూర్చోవాల్సి వచ్చింది. ఇప్పుడు దారిలో తారు రోడ్డు చాలా ఉంది, మట్టి అంచు దొరికితే అదే పట్టుకో.

ఒంటరిగా నడవకు. సూర్యాస్తమయం తర్వాత నడవకూడదన్నది అక్కడ నియమమే, అది ఆడవాళ్లకి మరీ మంచిది. నాలుగున్నరకల్లా ఆశ్రమమో ధర్మశాలో చూసుకో. నెలసరి రోజుల్లో ఎలాగని మీ అత్త అడుగుతుంది, ఆమెకి నేను జవాబు చెప్పుకుంటాను. నువ్వు ఆగు, పడుకో. కావాల్సినవి బడ్వానీలోనే కొనుక్కో, తర్వాత వచ్చే శూల్‌పాణి కొండల్లో దొరకవు.

ఇక నది కుడిచేతి వైపు ఉండాలన్న నియమం. మొదలుపెట్టింది మొదలు ముగిసేదాకా దాన్ని దాటకూడదు. ఉపనదులు దాటొచ్చు, నర్మదని కాదు. ఇది వినడానికి చిన్న విషయం. పుష్కరాలప్పుడు ఓంకారేశ్వర్‌లో మనం ఆ వంతెన మీద ఎన్నిసార్లు తిరిగామో గుర్తుందా? జ్యోతిర్లింగం ద్వీపం మీద ఉంది కదా. సంకల్పం చెప్పుకున్నాక ఆ వంతెన నీది కాదు. దక్షిణం ఒడ్డున మామలేశ్వరుడికి దణ్ణం పెట్టుకుని బయల్దేరాలి. స్వామి దర్శనం తిరిగొచ్చాకే.

మొదటి వారంలోనే నవ్‌డాటోలి వస్తుంది. సాయంత్రం అక్కడ మెట్ల మీద కూర్చుంటే ఎదురుగా, అవతలి ఒడ్డున మహేశ్వర్. అహల్యాబాయి కోట, ఘాట్లు, ఒక్కొక్కటే వెలుగుతున్న దీపాలు, గుళ్లో గంట. పడవ ఎక్కితే పట్టుమని పావుగంట పట్టదు. పడవవాడు కేకేసి పిలిచాడు, పరిక్రమ చేసేవాళ్ల తెల్లబట్టలు నా ఒంటి మీద చూసి తనే నాలిక కరుచుకున్నాడు. ఆ ఘాటు మీద నేను కాలు పెట్టింది సంక్రాంతి వెళ్లాక. రెండు నెలల పైన. ఈలోగా సముద్రం దాకా వెళ్లి, నదిని కాకుండా సముద్రంలోనే పడవ మీద దాటి అవతలి ఒడ్డు చేరి, అటునుంచి నడిచొచ్చాను. చేరిన రోజు ఆ మెట్ల మీద కూర్చుని అవతల నవ్‌డాటోలిని చూస్తే, అక్కడ కూర్చున్న ఆవిడ ఎవరో అనిపించింది. ఇంతకన్నా దాన్ని వివరించడం నాకు చేతకాదు.

సముద్రం అన్నాను కదా, విమలేశ్వర్ దగ్గర పడవ నీ టైముకి కదలదు. పోటు వచ్చినప్పుడే కదులుతుంది, అది అర్ధరాత్రయినా సరే. అక్కడ రెండు రోజులు కాచుకున్నాం. నీ షీటులో దానికి గడి లేదు.

శూల్‌పాణి కొండల గురించి భయపెట్టేవాళ్లు ఉంటారు. పూర్వం అక్కడ భిల్లులు యాత్రికుల్ని కట్టుబట్టలతో వదిలేసేవారని చెప్తారు, అది కూడా అమ్మవారి లీలే అని యాత్రికులే సర్దిచెప్పుకునేవారట. ఇప్పుడు ఆ భయం లేదు. సర్దార్ సరోవర్ డ్యామ్ నీళ్లలో పాత ఒడ్డు దారి మునిగిపోయింది కాబట్టి కొండలెక్కి దిగాలి. రోజుల తరబడి నది కనిపించదు. కుడివైపు ఉందని నమ్మడమే.

అక్కడే ఒక మధ్యాహ్నం ఒక గుడిసె ముందు ‘నర్మదే హర్’ అన్నాం. ఆ దారిలో పలకరింపూ అదే, వీడ్కోలూ అదే, ఆకలి అని చెప్పడమూ అదే. లోపలినుంచి ఒకావిడ వచ్చి ‘ఎన్ని మూర్తులు?’ అంది. అక్కడ మనుషుల్ని అలాగే లెక్కపెడతారు, ఎంతమంది అని అడగరు. ‘మూడు’ అన్నాం. మొక్కజొన్న రొట్టెలు, మిరపకాయ నూరిన పచ్చడి. మేం తింటున్నంతసేపూ ఆవిడ కూర్చోలేదు. పొయ్యి దగ్గర నించుని, నా పళ్లెం వైపు ఒక కన్ను వేసి, రొట్టె సగం అయ్యేసరికి ఇంకోటి తెచ్చి పడేసింది. చాలు అంటే వినదు. చెయ్యి అడ్డం పెడితే చెయ్యి తప్పించి వేసింది.

చిన్నీ, ఆ చెయ్యి నాకు తెలుసు. ముప్పై ఏళ్లు మనింట్లో ఆ చెయ్యి నాదే. వచ్చినవాళ్లందరికీ అలాగే నించుని, అలాగే వినిపించుకోకుండా వడ్డించాను. తినేవాళ్ల వైపునుంచి అది ఎలా ఉంటుందో మాత్రం ఎప్పుడూ చూడలేదు. నాకు తినడం రాలేదు. లేచి గిన్నెలు తోముతానని పోతే ఆవిడ కసిరింది. వంద రూపాయలు ఇవ్వబోతే మొహం చిన్నబుచ్చుకుంది. ఇచ్చేది అలవాటైన మనిషికి తీసుకోవడం ఎంత కష్టమో, నా మోకాళ్ల నొప్పి దాని ముందు ఏపాటిది! వారం పట్టింది నాకు, పెట్టింది కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని, ‘నర్మదే హర్’ అని లేచి వెళ్లిపోవడానికి. నువ్వు షీటులో రోజుకి భోజనం ఖర్చు అని ఒక వరుస పెట్టావు. డబ్బు దగ్గర ఉంచుకో, మందులకీ ఛార్జింగు కేబుల్‌కీ కావాలి. పెట్టిన అన్నానికి మాత్రం లెక్కకట్టి ఇవ్వకు. కొన్నిచోట్ల వండింది కాకుండా సదావ్రతం ఇస్తారు, పిండీ పప్పూ ఉప్పూ. అప్పుడు మనమే వండుకోవాలి. మా గుంపులో ఇద్దరు మగవాళ్లకి టిక్కడ్ అనే మందపాటి రొట్టెలు కాల్చడం నేర్పి నేను చెట్టుకింద పడుకున్నాను. అదీ పుణ్యంలోకే వస్తుందనుకుంటున్నా.

ఇంకోటి, మీ నాన్నకి కూడా చెప్పలేదు. మండ్లా వైపు వెళ్తుండగా జ్వరం తగిలి, ఒక ట్రాక్టరు ఎక్కాను. నాలుగు కిలోమీటర్లు. పాదయాత్ర అని సంకల్పం చెప్పుకున్నదాన్ని, చెరకు గడల మీద కూర్చుని సీసా ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. తోడున్నవాళ్లు మంచిదే చేశావన్నారు. ఆ నాలుగూ లెక్కలో వెయ్యాలో తీసెయ్యాలో నాకు ఇప్పటికీ తేలలేదు. రోజూ దీపం పెట్టేటప్పుడు గుర్తొస్తుంది.

ఏప్రిల్లో తిరిగి ఓంకారేశ్వర్ చేరాం. సీసా తీసుకుని వంతెన దగ్గరికి వెళ్లాను. జనం తోసుకుంటూ పోతున్నారు, పిల్లలు పరిగెడుతున్నారు. నాకు మాత్రం కాలు ముందుకి పడలేదు. ఐదు నెలలుగా పడకూడదన్న చోట ఎలా పడుతుంది? వెనకున్నవాళ్లు విసుక్కున్నారు. పక్కకి జరిగి, రెయిలింగు పట్టుకుని కాసేపు నించున్నా. వంతెన మధ్యకి వచ్చేసరికి నది కుడివైపూ ఉంది, ఎడమవైపూ ఉంది. తిన్నగా నడవడం మర్చిపోయినట్టయింది. లోపల స్వామికి నీళ్లు పోసేటప్పుడు ఏ కోరికా గుర్తు రాలేదు. నీ పెళ్లి గురించి అడగమని మీ నాయనమ్మ చెప్పింది, అది కూడా మర్చిపోయాను. ఆవిడకి చెప్పకు.

బ్యాగు సర్దాక మన వంటింటి త్రాసు మీద కాదు, సామాన్లు తూచే వేలాడే త్రాసుతో తూచి ఫోన్ చెయ్యి. ఆరు కిలోలు దాటితే ఏమేం తీసెయ్యాలో నేను చెప్తా. కారప్పొడి ఒకటి ఉండనీ.

అమ్మ