నర్సును మార్చారు, ట్రేను మార్చలేదు

సంపాదకులకు నమస్కారం.

క్యాజువాలిటీలో ఒక ఇంజెక్షన్‌కు బదులు ఇంకొకటి ఇచ్చారని, డ్యూటీ నర్సును సస్పెండ్ చేశారని వార్త వచ్చినప్పుడల్లా నాకు బాధేస్తుంది. నా సర్వీసు ఎక్కువగా అక్కడే గడిచింది. తాగి డ్యూటీకి వచ్చినవాళ్లను, పిలిచినా లేవనివాళ్లను శిక్షించండి, అడ్డు చెప్పను. కానీ చాలా పొరపాట్లు అలాంటివి కావు.

ఎమర్జెన్సీ ట్రేలో అడ్రినలిన్, అట్రోపిన్ అనే రెండు వేర్వేరు మందులు పక్కపక్కనే పెడతారు. రెండూ చిన్న గాజు ఆంప్యూల్సే, అక్షరాలు ఆవగింజలంత. టెండరు మారి కొత్త కంపెనీ సరుకు వస్తే నిన్నటిదాకా గుర్తుపెట్టుకున్న లేబుల్ రంగు ఇవాళ పనికిరాదు. అర్ధరాత్రి బంధువులు బెడ్ చుట్టూ మూగి, ఒకరు ఏడుస్తూ, ఒకరు సెల్‌లో వీడియో తీస్తుంటే, డాక్టరు గారు నోటితో చెప్పిన మందును ఆ టెన్షన్‌లో చదివి తీయాలి. అడ్రినలిన్‌తో మరీ జాగ్రత్త. ఏదైనా మందు పడక అలర్జీతో ఊపిరాడని పెద్దవాళ్లకు అర మిల్లీగ్రాము తొడ కండకు ఇస్తాం. గుండె ఆగినప్పుడు ఒక మిల్లీగ్రాము నరానికి ఇస్తాం. గుండె కొట్టుకుంటున్న మనిషికి ఆ ఒక మిల్లీగ్రాము నరానికి పడితే ప్రాణం మీదికొస్తుంది.

ఇక నిద్ర. 17 గంటలు మేలుకున్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి పనితీరులా ఉంటుందని 1997లోనే పరిశోధకులు చూపించారు. మన దగ్గర 0.03 దాటితే డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు. డబుల్ డ్యూటీ చేస్తున్న నర్సుకూ, అంబులెన్సు టెక్నీషియన్‌కూ మాత్రం ప్రాణాలు అప్పగిస్తున్నాం.

మా వార్డులో అట్రోపిన్‌ను వేరే అరలోకి మార్చాం. సిరంజికి ప్లాస్టర్ ముక్క అంటించి మందు పేరు రాసేవాళ్లం. రోగిని వార్డుకు పంపేదాకా ఖాళీ ఆంప్యూల్ పారేయనిచ్చేదాన్ని కాదు. డాక్టరు చెప్పింది నర్సు పైకి తిరిగి చెప్పాకే ఇంజెక్షన్. కొందరు పీజీ డాక్టర్లకు ఇది చిరాకు. “సిస్టర్, వినపడలేదా?” అనేవారు. “వినపడింది సార్, సరిగ్గా విన్నానో లేదో మీరు చెప్పాలి” అనేదాన్ని.

తప్పు జరగబోయి ఆగినప్పుడు ఎవరూ నోరు విప్పరు, మెమో వస్తుందని భయం. పేరు రాయనక్కర్లేని రిజిస్టరు ఒకటి పెట్టి, సూపరింటెండెంట్లు నెలనెలా చదివితే ఏ అర మార్చాలో, ఏ షిఫ్టులో మనుషుల్ని పెంచాలో తెలుస్తుంది. విచారణ కమిటీలు కూడా ఆ రాత్రి ఎంతమంది రోగులకు ఎంతమంది నర్సులున్నారో, సస్పెండైన నర్సు ఎన్ని గంటలుగా డ్యూటీలో ఉందో బయటపెట్టాలి. మీ విలేకరులు ఈసారి ఆ ప్రశ్నలు అడగాలని నా విన్నపం.

– రిటైర్డ్ హెడ్ నర్సు, విశాఖపట్నం