చప్పట్ల హోంవర్కు, దాన్ని రాసిన స్టీవ్ రైష్

తల్లిదండ్రులకు నమస్కారం.

ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు ఈ నెలంతా ఇంట్లో చప్పట్లు కొడుతుంటే విసుక్కోకండి. అది సంగీతం పీరియడ్ హోంవర్కు. అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైష్ 1972లో రాసిన 'క్లాపింగ్ మ్యూజిక్' సాధన చేస్తున్నారు. నోటు పుస్తకాల్లో చాలామంది 'రీచ్' అని రాస్తున్నారు, సరిదిద్దండి.

రైష్ 1936లో న్యూయార్క్‌లో పుట్టారు. పసితనంలోనే తల్లిదండ్రులు విడిపోయారు. తండ్రి న్యూయార్క్‌లో, తల్లి లాస్ ఏంజెలెస్‌లో ఉండటంతో ఆయాతో కలిసి రైలెక్కి దేశం ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగేవారు. పద్నాలుగేళ్లప్పుడు స్వరకర్తలు బాఖ్, స్ట్రావిన్‌స్కీల సంగీతం, జాజ్ దాదాపు ఒకేసారి చెవిన పడ్డాయి, డ్రమ్స్ నేర్చుకోవడం మొదలుపెట్టారు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో తీసుకున్న డిగ్రీ మాత్రం తత్వశాస్త్రంలో, 1957లో. ఆ తర్వాత న్యూయార్క్‌లోని జూలియార్డ్ సంగీత పాఠశాల, ఆపైన కాలిఫోర్నియాలోని మిల్స్ కాలేజీలో ఎం.ఏ. ఇంత చదివాక ఉద్యోగం ఏమిటని అడుగుతారేమో. టాక్సీ నడిపారు. మరో స్వరకర్త ఫిలిప్ గ్లాస్‌తో కలిసి ఇళ్ల సామాన్లు మోసే పనీ చేశారు. పెద్ద ఆర్కెస్ట్రాలు పిలిచేదాకా కూర్చోలేదు. 1966లో ముగ్గురితో సొంత బృందం పెట్టుకున్నారు. తన సంగీతాన్ని ఎలా వాయించాలో అందులోనే తేల్చుకున్నారు.

ఆయన దారి మలుపు తిరిగింది యంత్రం చేసిన తప్పు వల్ల. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓ వీధి బోధకుడి మాటలు రికార్డు చేసి, ఒక ముక్క కత్తిరించి, టేపు రెండు కొసలూ అతికించి చుట్టగా చేశారు. అలాంటివి రెండు చేసి, రెండు టేపు రికార్డర్ల మీద కలిపి నడపబోయారు. రెండూ ఒకే వేగంతో తిరగలేదు, ఒకటి జుట్టంత వెనకబడుతూ పోయింది. సరిచెయ్యకుండా అలాగే వదిలేసి విన్నారు. ఒకే మాట ముందు ప్రతిధ్వనిలా, తర్వాత రెండు గొంతుల్లా, ఆపైన లయలా మారింది. 1965 నాటి 'ఇట్స్ గోనా రెయిన్' అలా పుట్టింది. రెండేళ్లకు ఇదే పద్ధతిని ఇద్దరు పియానో వాద్యకారులకు అప్పగించారు. 1970లో ఘనా వెళ్లి ఎవే జాతి డోలు వాద్యం నేర్చుకున్నారు, మలేరియా పట్టుకుని తిరిగొచ్చారు.

ఇక చప్పట్లు. వాద్యాలూ స్పీకర్లూ అక్కర్లేకుండా మనిషి ఒంటితోనే అయిపోయే సంగీతం కావాలనుకుని రాసింది ఇది. పన్నెండు అక్షరాల (అంటే సమానమైన లెక్కల) ఆవర్తం, మళ్లీ మళ్లీ తిరిగొచ్చే వరస. ఎనిమిది చప్పట్లు (త), నాలుగు ఖాళీలు (–):

త త త – త త – త – త త –

ఇద్దరూ కలిసి మొదలుపెడతారు. మొదటివాళ్లు చివరిదాకా ఇదే కొడతారు, ఏమీ మార్చరు. రెండోవాళ్లు కొన్ని ఆవర్తాలయ్యాక వరసను ఒక అక్షరం ముందుకు జరుపుతారు, అంటే రెండో చప్పట్టుతో మొదలుపెట్టి, వదిలేసిన మొదటిదాన్ని చివర్లో కలుపుతారు:

త త – త త – త – త త – త

ఇలా పన్నెండుసార్లు జరిపితే మళ్లీ ఇద్దరూ కలుస్తారు. మొత్తం 13 భాగాలు. అసలు రచనలో ఒక్కో భాగం 12 సార్లు. మన పిల్లలకు 4 సార్లు చాలు. లయకు టిక్కులు కొట్టే మెట్రోనోమ్ యాప్‌లో నిమిషానికి 60 పెట్టి, ఒక్కో టిక్కుకు మూడు అక్షరాలు లెక్కిస్తే మూడున్నర నిమిషాల్లో పూర్తవుతుంది.

తప్పు పోయేది మూడు చోట్ల. ఒకటి, నాలుగు టిక్కుల్లో రెండు సరిగ్గా ఖాళీల మీద పడతాయి, అక్కడ చేతులు వాటంతటవే కలుస్తాయి. మొదటి వారం ఖాళీ వచ్చినప్పుడల్లా నోటితో 'ఉమ్' అనమనండి, తర్వాత మనసులో అనుకుంటే సరిపోతుంది. రెండోది, అన్నిటికన్నా కష్టం, మొదటి జరుపు. పై రెండు వరసలూ ఒకదాని కింద ఒకటి రాసి చూడండి. ఒకరి ఖాళీలు నాలుగింట్లోనూ రెండోవాళ్ల చప్పట్లు పడతాయి. నిశ్శబ్దం ఒక్క అక్షరం కూడా మిగలదు. అప్పటిదాకా ఖాళీని పట్టుకుని నడిచిన పిల్లలకు కాళ్లకింద నేల జారినట్టుంటుంది. ఆ ఒక్క భాగాన్నే విడిగా ఇరవై సార్లు కొట్టించండి. మూడోది, రెండోవాళ్లు 'త త త' వచ్చిన చోటల్లా ఆవర్తం మొదలనుకోవడం. అలా అనుకుంటే తాళం తప్పుతుంది. కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలకు ఒక్క ముక్కలో చెప్పొచ్చు: సమం కదలదు, జతి కదులుతుంది.

ఇంట్లో మారకుండా కొట్టే భాగం మీరు తీసుకోండి. తేలిగ్గా కనిపిస్తుంది గానీ, ఎదుటివాళ్లు జరిపినప్పుడు మీ చెయ్యీ వాళ్ల వెంట పోతుంది, జాగ్రత్త. ఇద్దరి చప్పుడూ ఒకేలా ఉండాలని రైష్ సూచన. ఒకరు అరచేతులు చాచి, ఇంకొకరు దొప్పలా చేసి కొడితే రెండు వరసలూ విడివిడిగా వినబడతాయి, కలిస్తే పుట్టే కొత్త వరస వినబడదు.

మీరు వినడానికి ఒకటే చెబుతాను: 'డిఫరెంట్ ట్రెయిన్స్', 1988. చిన్ననాటి ఆ రైలు ప్రయాణాలే వస్తువు. యూదుడైన తాను ఆ ఏళ్లలో యూరప్‌లో ఉండి ఉంటే మరణశిబిరాలకు పోయే వేరే రైళ్లు ఎక్కాల్సి వచ్చేదని తలచుకుని రాశారు. తన ఆయా, ఓ రైలు ఉద్యోగి, నాజీల బారి నుంచి బతికి బయటపడ్డవాళ్లు మాట్లాడిన మాటల రికార్డింగులు తీసుకుని, ఆ మాటల ఎత్తుపల్లాలనే వయొలిన్, వయోలా, చెల్లో అనే తీగ వాద్యాలకు స్వరాలుగా రాశారు. మాట ఎత్తుపల్లాలనే తీగ కూడా పలకడం గమనించండి. మరణశిబిరాల ప్రస్తావన ఉంది కాబట్టి పిల్లలకు వినిపించే ముందు మీరు వినండి. 2009లో ఆయనకు పులిట్జర్ బహుమతి వచ్చింది వేరే రచనకు, 'డబుల్ సెక్స్‌టెట్'కు.

రోజుకు పది నిమిషాలకు మించి సాధన వద్దు. అరచేతులు ఎర్రబడితే ఆ రోజుకు తొడ మీద తట్టుకుంటే చాలు. రాత్రి తొమ్మిది దాటాక కూడా అంతే, పక్కింటివాళ్లు నిద్రపోవాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు