రెండు ముక్కలైన పొలం

కడప,
ఆదివారం రాత్రి

రేయ్ మామా,

ఎట్లున్నావ్? "కంప్యూటర్‌లో అంత మెమరీ ఉండగా ప్రింటర్‌కి మళ్లీ మెమరీ ఎందుకురా" అని ఫోన్‌లో అడిగావు కదా. అంగడి నిండా జనం, ఏదో చెప్పి పెట్టేశాను. నిజం చెప్పాలంటే నాకూ మొన్న శుక్రవారమే బాగా తెలిసొచ్చింది.

పొద్దున్నే పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. అన్నదమ్ముల భూమి తగాదా, పదకొండింటికి కోర్టులో వాయిదా. పెన్‌డ్రైవ్‌లో ఉపగ్రహం ఫోటో మీద హద్దులు గీసిన పటం తెచ్చాడు. ప్రింట్ కొడితే సగం పొలం ఒక కాగితం మీద, మిగతా సగం ఇంకో కాగితం మీద వచ్చింది. టెన్షన్‌లో నాలుగుసార్లు నొక్కి, చివరికి ప్రింటర్ స్విచ్చే ఆపేశాను. మళ్లీ వేస్తే అవే ముక్కలు! "పంచుకునేదానికే కోర్టుకు పోతాండా, నువ్వు ముందే పంచేస్తివే అబ్బీ" అన్నాడాయన. ఏమనాలి చెప్పు.

మనం తినే కారం దోసె బండి గుర్తుందా? పిండి పెనం మీద పరిచాక ఎర్రకారం, పప్పుల పొడి చేతికందే దూరంలో ఉండాల్సిందే. అప్పుడు కారం కోసం ఇంటికి పరిగెత్తితే దోసె మాడిపోతుంది. లేజర్ ప్రింటరూ అంతే. లోపల కాగితం మీద బొమ్మను అచ్చేసే డ్రమ్ము తిరగడం మొదలయ్యాక కాగితం మధ్యలో ఆగదు, చుక్కలన్నీ వేళకు అందాలి. ఏ4 కాగితానికి అంగుళానికి 600 చుక్కల చొప్పున లెక్కేస్తే దాదాపు మూడున్నర కోట్ల చుక్కలు, అంటే 4 ఎంబీ పైమాటే. నా పాత ప్రింటర్‌లో ఉన్నదే 4 ఎంబీ. ఉత్త అక్షరాల పేజీలో తెల్లదనమే ఎక్కువ కాబట్టి కుదించుకుని సర్దుకుంటుంది. ఆ ఫోటోలో తెలుపు ఎక్కడిది? చెట్లూ గట్లే కదా అంతా. పట్టినంత వరకు కొట్టి, మిగతాది రెండో కాగితం మీదికి తోసింది.

1984లో వచ్చిన మొదటి హెచ్‌పీ లేజర్‌జెట్‌కి 128 కేబీయేనట! 300 చుక్కల లెక్కన కూడా పేజీ నిండా బొమ్మ పట్టదు దాంట్లో.

సూదులతో టకటకా కొట్టే మన పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కి ఈ బాధ లేదు. వరుస వరుస కొట్టుకుంటూ పోతుంది, ఎక్కడైనా ఆగగలదు, కొన్ని కేబీలు చాలు. అవి నిండితే "ఆగు" అని కంప్యూటర్‌కి సిగ్నల్ ఇస్తుంది, ఖాళీ కాగానే మళ్లీ తీసుకుంటుంది. గోల చేస్తుందిగానీ మాట తప్పదు.

స్విచ్ ఆపినా ముక్కలు ఎందుకొచ్చాయంటావా? ప్రింటర్‌లోది తుడిచిపెట్టుకుపోయింది, కానీ నేను నొక్కిన నాలుగూ కంప్యూటర్ హార్డ్‌డిస్క్‌లో వరుసగా కూర్చుని ఉన్నాయి. దోసెలాయన పెనం దించినా మేకుకు గుచ్చిన ఆర్డరు చీటీలు పోవు కదా. క్యూలోంచి అన్నీ తీసేసి, 300కి తగ్గించి కొట్టాను. చుక్కలు నాలుగో వంతయ్యాయి, పొలం ఒక్క కాగితం మీదికొచ్చింది. కాస్త మసకగా ఉన్నా పెద్దాయన కళ్లకద్దుకుని పరిగెత్తాడు.

నువ్వెటూ బెంగళూరులోనే ఉన్నావు. ఎస్పీ రోడ్డుకు పోయినప్పుడు ఈ పాత ప్రింటర్లకు వేసే 100 పిన్నుల మెమరీ ముక్క దొరుకుతుందేమో చూడరా. పాతదైనా పర్లేదు. పండక్కి వచ్చేటప్పుడు తెస్తే దోసెలు నా లెక్క.

నీ,
జిరాక్స్ మామ