చెరువుకి ఒడ్డు మిగల్చండి

సంపాదకులు గారికి నమస్కారం.

మా పాప ఏడో తరగతి చదువుతోంది. మొన్న సైన్స్ పరీక్షకి చదివిస్తుంటే ఆవాసం అంటే జీవి నివసించే చోటు అని ఒక్క ముక్కలో అప్పజెప్పేసింది. ఆవరణ వ్యవస్థకి మాత్రం నాలుగు లైన్లు గడగడా చెప్పి, "అమ్మా, రెండూ ఒకటే కదా" అంది. నాకూ వెంటనే చెప్పడం రాలేదు. అందుకని ఆదివారం పొద్దున్నే బండి మీద ఉప్పలపాడు పక్షుల చెరువుకి తీసుకెళ్లాను. గుంటూరు పక్కనే, పెదకాకాని మండలం. ఇంత దగ్గర్లో ఉండి ఇంకా చూడనివాళ్లు ఉంటే ఒక్కసారి వెళ్లి రండి.

చెరువు నీళ్లలో సర్కారు తుమ్మ చెట్లు, వాటి మీద కొమ్మ కనపడనన్ని పక్షులు. గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు. ఒక గూడబాతు పిల్ల తల్లి నోట్లోకి తలంతా దూర్చేసి, ముక్కు కింది సంచిలో ఉన్న చేపని తినేస్తుంటే మా పాప ఊపిరి బిగబట్టి చూసింది. సర్కారు తుమ్మ మన చెట్టు కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది, పొలాల్లో దాన్ని అందరూ తిట్టుకుంటారు. కానీ ఇక్కడ చుట్టూ నీళ్లు ఉండటం వల్ల కుక్క, పిల్లి ఆ చెట్టు దాకా రాలేవు, ముళ్ల కొమ్మల్లో గూడు నిలుస్తుంది, పక్షికి కావాల్సింది అదే. ఆవాసం అంటే అర్థం అక్కడ కళ్లారా కనపడింది.

అయితే కాసేపు నిలబడి చూస్తే ఇంకోటి తెలిసింది. పెద్ద పక్షులు ఆ చెరువులోనే తిని బతకడం లేదు. నాలుగు వైపుల నుంచీ ఎగిరి వస్తున్నాయి, పిల్లలకి పెట్టి మళ్లీ వెళ్లిపోతున్నాయి. వరి మళ్లు, కాలవలు, చుట్టుపక్కల ఊళ్ల చిన్న చెరువులు, ఇవన్నీ వాటికి వంటిల్లే. నత్తగుల్ల కొంగనే తీసుకోండి. దాని ముక్కు మూసినా మధ్యలో సందు కనపడుతుంది. పిల్లగా ఉన్నప్పుడు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. మడిలోనో చెరువు అంచునో దొరికే నత్తల్ని గుల్లలోంచి లాగి తినడం దాని పని. తిన్న తిండిలోని శక్తిలో సుమారు పదో వంతే పైమెట్టు జీవికి చేరుతుందని పాఠంలో ఉంటుంది కదా, ఆ లెక్కన కొన్ని కొంగలు బతకాలంటే నత్తలు ఎన్ని కావాలి, ఆ నత్తలకి నాచు, ఆకు ఎంత కావాలి? ఒక్క చెరువు ఏం సరిపోతుంది? 1935లో ఆర్థర్ టాన్స్‌లీ అనే ఇంగ్లండు వృక్షశాస్త్రవేత్త ఆవరణ వ్యవస్థ అన్న ఆలోచన పెట్టింది కూడా జీవుల్ని నేల, నీరు, గాలితో కలిపి ఒక్కటిగా చూడాలనే. గూడు ఉన్న చెరువుకి కంచె వేసి, తిండి దొరికే చెరువుల్ని పాడుచేస్తే పక్షులు నిలవవు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా ఇంటి దగ్గర ఒక చిన్న చెరువు ఉండేది, ఇప్పుడూ ఉంది, కానీ పోయిన వేసవిలో దాన్ని అందంగా చేస్తామని చుట్టూ నిలువు సిమెంటు గోడ కట్టేశారు. పైన టైల్స్, రెయిలింగ్, రంగు లైట్లు. అంతకుముందు దానికి వాలుగా ఒడ్డు ఉండేది, మోకాలి లోతు నీళ్లలో తుంగ, జమ్ము ఉండేవి. అది చూడటానికి చెత్తలాగే ఉంటుంది, కాదనను. కానీ తూనీగ పిల్ల దశంతా నీళ్లలోనే గడుపుతుంది, దోమ పిల్లల్ని తింటుంది, రెక్కలు వచ్చే వేళకి ఏదో ఒక కాడ పట్టుకుని నీళ్లలోంచి పైకి ఎక్కాలి. కాడలు పీకేస్తే ఎక్కడికి ఎక్కుతుంది? తోక పోయి కాళ్లొచ్చిన చిన్న కప్ప నేల మీదికి రావాలంటే వాలు కావాలి, నిలువు గోడ అది ఎలా పాకుతుంది? కొంగ నిలబడేది కాళ్లు మునిగేంత లోతులోనే, గోడ పక్కనే నిలువు లోతు ఉంటే దానికి చోటే లేదు. ఈ వానాకాలం రాత్రిళ్లు ఒక్క కప్ప అరుపు వినపడలేదు మాకు. దోమలు మాత్రం సాయంత్రం తలుపు తీయనివ్వలేదు, పాపకి జ్వరం వస్తుందేమో అని ఒకటే టెన్షన్.

చెరువు చుట్టూ వాకింగ్ ట్రాక్ వద్దని నేను అనను, ఆ ట్రాక్ మీద రోజూ నడిచేవాళ్లలో నేనూ ఉన్నాను. దాన్ని నీటి అంచు నుంచి పది అడుగులు వెనక్కి జరిపి వేయొచ్చు. నాలుగు వైపులా గోడ కట్టక్కర్లేదు, కనీసం రెండు వైపులు మట్టి వాలు, తుంగ వదిలేయొచ్చు, దాని వల్ల ఖర్చు తగ్గుతుంది కూడా. టెండరు పిలిచేముందు జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం చెప్పే లెక్చరర్లని ఒక్కసారి గట్టు మీదికి తీసుకెళ్లి చూపిస్తే చాలు, మన ఊళ్లో కాలేజీలకి కొదవ లేదు.

మా పక్క కాలనీ చెరువుకి కూడా ఇదే పని మొదలుపెడతారని పోయిన వారం గట్టు మీద సున్నం గీతలు గీసి వెళ్లారు. పని మొదలయ్యాక రాస్తే ఉపయోగం లేదు, అందుకే ఇప్పుడే మీ పేపర్లో వేయమని అడుగుతున్నాను. ఆ చెరువు తూర్పు ఒడ్డు జోలికి మాత్రం వెళ్లకండి. అక్కడ జమ్ము ఇంకా ఉంది, పొద్దున ఆరు గంటలప్పుడు రెండు నత్తగుల్ల కొంగలు దిగుతున్నాయి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, గుంటూరు