దిద్దిన మనిషి పేరు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

31 ఏళ్లు పత్రికలో ప్రూఫులు దిద్ది విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. వార్తలు రాయడానికి కృత్రిమ మేధను వాడుతున్నారని విని, గత వారం ఒక ప్రమాద వార్తను దానికిచ్చి కుదించమన్నాను. ‘ఇద్దరి పరిస్థితి విషమం’ అన్న మాట ‘ఇద్దరు మృతి’ అయి వచ్చింది. ఒక్క అచ్చుతప్పు లేదు. నన్ను కలవరపెట్టింది అదే. మా రోజుల్లో తప్పుడు సమాచారం చాలాసార్లు తడబడిన వాక్యంలోనే పట్టుబడేది. ఇప్పుడు అబద్ధం కూడా ఇస్త్రీ మడతలా వస్తోంది. ఆ ఇద్దరి ఇళ్లలో పత్రిక తెరిచేవాళ్లను తలచుకుంటే మనసు మనసులో లేదు.

2025 మేలో అమెరికా పత్రిక చికాగో సన్‌టైమ్స్‌తో పాటు వచ్చిన అనుబంధంలో, కృత్రిమ మేధతో తయారు చేసిన, వేసవిలో చదవదగ్గ 15 పుస్తకాల జాబితా అచ్చయింది. అందులో 10 పుస్తకాలు అసలు లేనే లేవు! రచయితల పేర్లు మాత్రం నిజమైనవే. ఒక్కో పేరు వెతికి చూడటానికి ఎంతసేపు పడుతుంది?

యంత్రం వద్దనను. గంటల కొద్దీ రికార్డింగును రాతలోకి మార్చడానికి, వేల పేజీల పత్రాల్లో ఒక పేరు పట్టుకోవడానికి అది పెద్ద సాయం. కానీ అచ్చయిన ప్రతిదానికీ జవాబుదారీ వార్తాసంస్థదేనని పత్రికా రంగంలో కృత్రిమ మేధ వాడకంపై 2023 నవంబరులో వెలువడిన నియమావళి, పారిస్ చార్టర్ కూడా చెప్పింది. మీ పత్రికలో యంత్రం సాయం తీసుకున్న వార్త కింద ఆ సంగతి వేయండి. దాన్ని సరిచూసిన మనిషి పేరు కూడా. తప్పు దొర్లితే సవరణ అదే పేజీలో రావాలి, మూలన కాదు.

— ఒక విశ్రాంత ప్రూఫ్ రీడర్