నాయిన తరఫున మీ అందరికీ దండాలు

ఈ మూడేళ్లు మా ఇంటికి తోడు నిలిచిన వాళ్లందరికీ నమస్తే. మిల్లు పని వల్ల నాయినకు వచ్చిన ఊపిరితిత్తుల జబ్బుకు పరిహారం డబ్బు పోయిన వారం ఖాతాలో పడింది. ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పాను గానీ తృప్తి కలగలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది మహబూబ్‌నగర్ దగ్గరి పల్లె. బోరు ఎండిపోయాక నాయిన పలుగురాళ్లను పొడి చేసే మిల్లులో పదకొండేళ్లు పనిచేశాడు. మూతికి కట్టుకోవడానికి కంపెనీ ఏమీ ఇవ్వలేదు, ఇంటి తువ్వాలే దిక్కు. సాయంత్రం అమ్మ దాన్ని బకెట్లో ముంచితే నీళ్లు బియ్యం కడిగినట్టు తెల్లబడేవి. అది కంటికి కనిపించే దుమ్ము. ఊపిరితిత్తుల లోపలికి చేరేది కంటికి ఆననంత సన్నది. పని మానేసినా అది అక్కడే ఉండి జబ్బును ముదరబెడుతుంది. దాని పేరు సిలికోసిస్ అనీ, నయం చేసే మందు లేదనీ మాకు తెలిసేసరికి నాయిన రెండుసార్లు టీబీ కోర్సు మింగాడు.

మొదటి దండం ఎక్స్‌రే చూసిన డాక్టరమ్మకు. “పెద్దాయనా, ఇంతకుముందు ఏం పని చేసేవారు?” అని అడిగారు. అన్ని ఆస్పత్రులు తిరిగినా ఆ మాట ఎవరూ అడగలేదు. పని వల్ల వచ్చిన జబ్బని కాగితం మీద రాసిచ్చారు. ఇలాంటి జబ్బు కనబడితే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కు తెలపాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే డాక్టర్లకు చెప్పేది. రాసేవాళ్లు దొరకడమే కష్టం.

కరెంటు పోతే ఆక్సిజన్ మిషన్ ఆగిపోయేది. పక్కింటి అక్క వాళ్ల ఇన్వర్టర్ నుంచి గోడ మీదుగా మాకు వైరు లాగించింది. నాయిన మిషన్ నడవాలని వాళ్ల పిల్లలు ఫ్యాను లేకుండా పడుకున్న రాత్రులు నాకు తెలుసు. అక్కా, ఆ బాకీ ఎట్లా తీరుస్తానో తెలియదు.

ఫీజు మాట ఎత్తకుండా కేసు నడిపిన వకీలు సార్‌కు, బస్సు ఖర్చులకు చందా వేసిన దోస్తులకు కృతజ్ఞతలు. 1923 నాటి పరిహార చట్టంలోని జబ్బుల జాబితాలో సిలికోసిస్ ఉండేది. కానీ నాయినకు కార్డు లేదు, పీఎఫ్ లేదు, మస్టర్‌లో పేరు లేదు. అలాంటి మనిషి మా దగ్గర పనిచేయలేదని కంపెనీ రాసిచ్చింది. ఆ కాగితం చదివించుకొని నాయిన ఆ రాత్రి అన్నం ముట్టలేదు. జబ్బు కన్నా ఆ మాటే ఆయనను ఎక్కువ కుంగదీసింది.

అప్పుడు వచ్చాడు పాత మేస్త్రీ. జీతాల నోటుబుక్కు ఇన్నేళ్లూ ట్రంకుపెట్టెలో దాచాడు. నూనె మరకల అట్ట, లోపల వారం వారం నాయిన పేరు, పక్కన నీలం వేలిముద్ర. “ఈ వేలు పట్టుకొని వేయించింది నేనే” అని కేసు విన్న అధికారి ముందు చెప్పాడు.

భోపాల్‌లో 1984 డిసెంబర్ 2 రాత్రి ఒక్కసారిగా గ్యాస్ వచ్చింది, లోకమంతా చూసింది. అక్కడ కూడా కంపెనీ మనుషులకు కింది కోర్టులో శిక్ష పడింది 2010లో, అదీ రెండేళ్లు. నాయిన మీద పడింది పదకొండేళ్లు, రోజుకింత. ఏ సైరనూ మోగలేదు. ఆ నోటుబుక్కు లేకపోతే మా మాట నమ్మేవారే లేరు.

పలుగురాయి మిల్లుల్లో పనిచేసి దగ్గు, దమ్ముతో బాధపడేవాళ్లు మీ ఎరుకలో ఉంటే, ఏం పని చేశారో డాక్టరుకు మీరే ముందు చెప్పండి. కేసు సంగతులు కావాలంటే నాకు మెసేజ్ చేయండి.

ఇదంతా నాయినకు చదివి వినిపించాను. “మేస్త్రీ పేరు రాయలేదేంది?” అన్నాడు. ఆయన కొడుకు ఇంకా ఆ మిల్లులోనే పనిచేస్తున్నాడని చెప్పాను. మిషన్ గొట్టం ముక్కు దగ్గర సరిచేసుకొని, “అయితే వద్దులే” అన్నాడు.