వేటను హింసించి కోస్తే తోలూ చెడుతుంది

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి దగ్గరపడుతున్నది. కనుమ, ముక్కనుమ రోజుల్లో అటు కోనసీమలోనైనా, ఇటు నరసాపురం, పాలకొల్లు వైపైనా వేట మాంసం, అంటే మేక, పొట్టేలు మాంసం కొట్టని ఊరంటూ ఉండదు. ఈ రోజుల్లో రోడ్డు పక్క మాంసం దుకాణాల శుభ్రత గురించీ, తూకంలో మోసాల గురించీ పత్రికల్లో రాస్తూనే ఉంటారు. ప్రాణం పోయే ముందు ఆ మేకను, ఆ పొట్టేలును ఎలా చూస్తున్నామన్నది మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. నేను తోళ్లు కొని, ఉప్పు పట్టించి, చెన్నై వైపు తోళ్ల శుద్ధి కర్మాగారాలకు పంపే వ్యాపారంలో ఉన్నవాణ్ణి. జీవాన్ని అనవసరంగా బాధపెట్టి కోసిన చోట తోలు కూడా పాడవుతుందన్నది మా వృత్తిలో అందరికీ తెలిసిన సంగతే. మాంసం తినేవారికీ, కోసేవారికీ, లైసెన్సులు ఇచ్చేవారికీ కూడా అది తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

సంత నుంచి దుకాణానికి వచ్చే దారిలోనే నష్టం మొదలవుతుంది. నాలుగు కాళ్లూ కలిపి కట్టి, మోటారు సైకిలు వెనక అడ్డంగా పడేసి, తల కిందికి వేలాడుతుండగా తీసుకొస్తారు. ఆటోలో అయితే ఒకదాని మీద ఒకటి పడేలా కుక్కుతారు. దించేటప్పుడు పొట్టేలును బొచ్చు పట్టుకునో, వీపు మీది తోలు గుప్పిట పట్టుకునో లేపుతారు. అలా లేపినప్పుడు తోలుకూ కండకూ మధ్య ఉన్న సన్నని రక్తనాళాలు చిట్లుతాయి. పైన బొచ్చు వైపు చూస్తే ఏమీ కనిపించదు. ఒలిచిన తోలును తిరగేసి నేల మీద పరిస్తే, చెయ్యి పట్టిన చోట అరచేయంత మేర నల్లగా కమిలిన మచ్చ కనిపిస్తుంది. అక్కడ నిలిచిన రక్తం మిగతా భాగం కన్నా ముందుగా కుళ్లుతుంది. ఆ మచ్చ ఉన్న తోలును కర్మాగారంలో కింది రకంలో పడేస్తారు. మాంసం వైపు కూడా అంతే. కమిలిన ముక్కను కోసి పారేయవలసిందే.

తరవాత కోత. ఒక జీవాన్ని కోస్తుంటే పక్కనే గుంజకు కట్టిన మరో రెండు మూడు అదంతా చూస్తూ, నెత్తురు వాసనకు బెదిరి, తాడు తెంపుకోవాలని గుంజుకోవడం మన దగ్గర ఆదివారం ఉదయం ఏ కాలవ గట్టు మీదైనా కనిపించే దృశ్యమే. 2001 నాటి జంతు హింస నివారణ (కబేళాల) నిబంధనలు దీన్ని స్పష్టంగా నిషేధించాయి. ఒక జంతువు కళ్లెదుట మరొకదాన్ని కోయకూడదు. చూడి జీవాన్ని గానీ, మూడు నెలలు నిండని పిల్లను గానీ కోయకూడదు. పశువైద్యుడు పరీక్షించాలి, అదీ గంటకు పన్నెండింటికి మించకుండా, రోజుకు 96కు మించకుండా. కోతకు ముందు స్పృహ తప్పించడానికి వేరే చోటు, నెత్తురు ఓడ్చడానికి వేరే చోటు ఉండాలి. అయితే ఈ నిబంధనల్లో కబేళా అంటే రోజుకు పది, అంతకు మించి జీవాలను కోసే లైసెన్సున్న చోటు. మన ఊళ్లలో ఒకటీ రెండూ కోసే తాటాకు పాకలను ఆ లెక్కలోకి తెచ్చి తనిఖీ చేసేవారెవరు?

బెదిరిన జీవానికి ఒంట్లో జరిగేది కూడా చెప్పాలి. పెనుగులాటలో కండలో నిల్వ ఉన్న శక్తి ఖర్చయిపోతుంది. దాంతో చచ్చిన తరవాత మాంసంలో పుట్టవలసినంత ఆమ్లం పుట్టదు. ఆ మాంసం ముదురు రంగుకు తిరిగి, తొందరగా చెడుతుంది. నెత్తురు పూర్తిగా ఓడకపోతే తోలులోని నాళాల్లో మిగిలిపోతుంది. శుద్ధి అయ్యాక ఆ తోలు మీద నరాల గీతలు చెట్టు కొమ్మల్లా తేలతాయి. చేతి తొడుగులకూ, మేలురకం బూట్లకూ అది పనికిరాదు.

కోసే పద్ధతి మీద మతాలవారీగా వాదనలు ఉన్నాయి. వాటి జోలికి నేను వెళ్లడం లేదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 28వ సెక్షన్ మతాచారం ప్రకారం కోయడాన్ని నేరంగా చూడదు. కానీ కత్తి మొద్దుబారి ఉండాలని ఏ ఆచారమూ చెప్పలేదు. మెడ వెడల్పుకు కనీసం రెండింతల పొడవున్న కత్తిని, గాటు లేకుండా పదును పెట్టి, రెండు వైపుల పెద్ద రక్తనాళాలూ ఒకే ఊపులో తెగేలా కోస్తే, మేకకూ గొర్రెకూ మెదడుకు నెత్తురు అందడం ఆగి కొన్ని సెకన్లలోనే స్పృహ పోతుంది. చిన్న కత్తితో రంపం కోసినట్టు కోస్తే ఆ బాధ అంతసేపూ సాగుతుంది. కోసిన వెంటనే మెడ విరవడం, కాళ్లు కొట్టుకుంటుండగానే ఒలవడం మొదలుపెట్టడం మరీ దారుణం. స్పృహ తప్పించకుండా కోసిన మేకనూ గొర్రెనూ కనీసం 20 సెకన్ల పాటు కదపకూడదని బ్రిటన్‌లో నిబంధన ఉంది. ఆచారం ఒప్పుకునే చోట తలకు రెండు పక్కలా విద్యుత్ పటకారు పెట్టి ముందే స్పృహ తప్పించవచ్చు. దానికి గొర్రెకు ఒక ఆంపియరు చాలు. పురపాలక కబేళాకు అదేమంత పెద్ద ఖర్చు కాదు.

బొచ్చు కోసం అడవి జంతువులను బోనులతో పట్టే దేశాలు కూడా ఈ విషయంలో కొంత దారికి వచ్చాయి. ఐరోపా సంఘం, కెనడా, రష్యా 1990ల చివర్లో కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం, చంపే బోనులో పడిన జంతువు ఎంతసేపట్లో స్పృహ కోల్పోవాలన్నదానికి గడువు ఉంది. చిన్న జంతువుకు 45 సెకన్లు, పెద్దవాటికి గరిష్ఠంగా 300 సెకన్లు. ఐదు నిమిషాలంటే నా దృష్టిలో అది కూడా ఎక్కువే. అయినా అక్కడ ఒక లెక్కంటూ ఉంది. మన చేతిలో, తాడు కట్టి, నేల మీద పడుకోబెట్టిన జీవం విషయంలో మనం అంతకన్నా ఎంతో మెరుగ్గా ఉండాలి.

ఇక ఒలుపు. తొందరలో ఉన్న మనిషి చివరిదాకా కత్తితోనే ఒలుస్తాడు. పని తెలిసినవాడు జీవాన్ని వెనక కాళ్లతో వేలాడదీసి, కాళ్ల లోపలి వైపునా పొట్ట మధ్యనా తిన్నగా గీత పెట్టి, ఆపైన కత్తి పక్కన పెట్టి, పిడికిలి తోలుకూ కండకూ మధ్య దూర్చి నెట్టుకుంటూ పోతాడు. తోలు చొక్కా విప్పినట్టు ఊడి వస్తుంది. కత్తి మొన తగిలిన చోట లోపలి వైపు సన్నని గాటు పడుతుంది. పచ్చి మీద అది కనిపించకపోవచ్చు. డప్పు కట్టేవారిని అడిగితే దాని సంగతి తెలుస్తుంది. చింతపిక్కల జిగురుతో చెక్క చట్రానికి బిగించిన మేకతోలును మంట దగ్గర కాచినప్పుడు బిగువు పెరుగుతుంది. సరిగ్గా ఆ గాటు దగ్గరే చీలిక పుడుతుంది. జాతర నడి మధ్యలో డప్పు పగిలితే ఆ కళాకారుడి కూలి పోయినట్టే.

ఒలిచిన తోలును గోనె సంచిలో కుక్కి మధ్యాహ్నం దాకా ఎండలో వదిలేయడం మరో పొరపాటు. మన డెల్టా ఉక్కలో కొద్ది గంటల్లోనే కుళ్లు మొదలై, చేత్తో లాగితే వెంట్రుకలు ఊడి వస్తాయి. నీడలో పరిచి, లోపలి వైపు, తోలు బరువులో 40 శాతం దాకా ఉప్పు, అంటే రెండు కిలోల పచ్చి తోలుకు ముప్పాతిక కిలో పైచిలుకు, అంచుల దాకా రుద్దితే నెలల తరబడి నిలుస్తుంది. ఒకసారి వాడిన ఉప్పును మళ్లీ వాడితే ఎర్ర మచ్చలు వస్తాయి.

కొన్నేళ్లుగా తోళ్ల ధర బాగా పడిపోయిందని, అందుకే ఎవరూ శ్రద్ధ పెట్టడం లేదని కసాయి సోదరులు అంటారు. ధర పడిపోయిన మాట నిజమే. కానీ మచ్చలు, గాట్లు ఉన్న తోలుకు ఆ తగ్గిన ధర కూడా రాదు. మంచి తోలుకు ఇప్పటికీ కొనేవారున్నారు. పైగా నేను చెప్పినవాటిలో చాలా వాటికి పైసా ఖర్చు లేదు. గుంజలను కోత చోటుకు కనపడకుండా అవతలికి మార్చడానికి, కత్తి పదును పెట్టడానికి, జీవాన్ని బొచ్చు పట్టి లేపకుండా పొట్ట కింద చేతులు వేసి ఎత్తడానికి డబ్బు అక్కరలేదు.

కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాల పశుసంవర్ధక శాఖ అధికారులను, పురపాలక, పంచాయతీ అధికారులను నేను కోరేది ఇది. పండుగకు ముందే ప్రతి మండల కేంద్రంలో ఒక పూట కసాయి పనివారిని పిలిచి, పశువైద్యుడి చేత కోత గురించీ, అనుభవమున్న ఒలుపరి చేత ఒలుపు గురించీ చేసి చూపించాలి. లైసెన్సు లేని చిన్న దుకాణాలకు కూడా కోత చోటుకు అడ్డంగా ఒక తడిక, వేలాడదీసే కొక్కెం, పదును రాయి తప్పనిసరి చేయాలి. కనుమ నాటి రద్దీలో పశువైద్యులను సెలవు లేకుండా కబేళాల దగ్గర ఉంచాలి. చెన్నైలో 1948 నుంచి కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ పనిచేస్తున్నది. అక్కడి నిపుణులను శిక్షణకు పిలిపించే ప్రయత్నం జిల్లా యంత్రాంగం చేస్తే, తోళ్లు, ఉప్పు, స్థలం ఇవ్వడానికి మా వ్యాపారుల్లో కొందరం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక తోళ్ల వ్యాపారి,
రాజోలు, కోనసీమ జిల్లా